సున్నా చాంబరు

ఇషాక్‌ని మా కోల్డ్ స్టోరేజీలో అందరూ ‘భయం ఇషాక్’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. నా నోటికి తాళం లేదని పేటంతా తెలుసు, కొత్తగా దాచుకునేదేముంది? మనిషి అలాంటివాడు మరి. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్లి తాళం లాగి చూస్తాడు. మళ్లీ సందు చివరి నుంచి వెనక్కి వెళ్లి ఇంకోసారి లాగుతాడు. కంప్యూటరు బల్ల మీద ఎవరైనా టీ గ్లాసు పెడితే, అది తీసేదాకా అతని ప్రాణం అతని దగ్గర ఉండదు. కాస్త మబ్బు పడితే చాలు, వైర్లన్నీ పీకేస్తాడు. “ఒరేయ్, నీకు పిల్లనిచ్చిన మామ ధైర్యానికి దండం పెట్టాలిరా” అంటే నవ్వేవాడు. ఆ నవ్వు కూడా సగమే నవ్వేవాడు.

నా పేరు దేవకుమారి. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే దారిలో, పత్తి మిల్లులు దాటాక ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాను. మా దగ్గర చాంబర్లు ఐదు. ఒక్కో చాంబరుకి నాలుగు అంతస్తులు, ఒక్కో అంతస్తుకి ఇరవై గడులు. రైతు తెచ్చిన కాయలకు ఒక లాటు నంబరు ఇస్తాం. గోతాల్లో తొక్కిన ఆ బస్తాలను మేము టిక్కీలంటాం. ప్రతి టిక్కీ మీదా ఆ నంబరు రంగుతో వేసి, హమాలీలు భుజాన మోసి లోపల పేరుస్తారు. రైతు చేతికిచ్చే బాండు మీద పేరు, నంబరు, టిక్కీలెన్నో ఉంటాయి గానీ, ఆ టిక్కీలు లోపల ఎక్కడున్నాయో ఉండదు. అది మా చోటు పుస్తకంలో ఉంటుంది. హమాలీల ముఠాకి పెద్ద అయిన మేస్త్రి వచ్చి “రెండో చాంబరు, మూడో అంతస్తు, పద్నాలుగు” అని అరుస్తాడు, నేను రాసుకుంటాను.

ఆ పుస్తకం లేకపోతే ఏమవుతుందో ఒక్కమాటలో చెబుతాను. చాంబరు నిండాక లోపల మనిషి పక్కకి తిరిగి నడవాల్సిందే. ముందు వరస టిక్కీల మీది నంబరు కనిపిస్తుంది. వెనక లాటు చూడాలంటే ముందున్న మూడొందల టిక్కీలు తియ్యాలి. తీసినంతసేపూ తలుపు తెరిచి ఉంటే చలి పోతుంది, కాయ రంగు తిరుగుతుంది. రంగు తిరిగిన మిర్చిని యార్డులో ఎవడూ చేత్తో కూడా ముట్టడు.

ఇషాక్ తండ్రి జక్రయ్య మా దగ్గరే హమాలీ. పన్నెండేళ్ల కిందట ఒక లాటు కనబడకుండా పోతే, దొంగ అనే మాట మీద అతన్ని ఈ గేటు నుంచే బయటికి పంపారు. అందుకే మూడేళ్ల కిందట అతని కొడుకు ఎం.సి.ఎ. సర్టిఫికెట్టు పట్టుకుని అదే గేటులోంచి లోపలికి వస్తే నేను లేచి కిటికీ రెక్క వేసేశాను. మా మేనేజరు రాధాకృష్ణమూర్తి గారు మాత్రం “తండ్రి తండ్రే, కొడుకు కొడుకేనమ్మా” అని పెద్దమనసు చూపించారు. పెద్దమనసేమీ కాదు, తక్కువ జీతానికి ప్రోగ్రాము రాసేవాడు దొరికాడు, అంతే.

“ఏ టిక్కీ ఎక్కడుందో కంప్యూటరు చెబితే, ఇంక ఎవరూ ఎవర్నీ అనే పనుండదు కదక్కా” అన్నాడు ఇషాక్ మొదటి రోజే. నేను కాగితాలు సర్దుకుంటూ విననట్టు కూర్చున్నాను.

ఏ రైతు ఏ ఏడు ఎంత సరుకు పెట్టాడో జాబితా కావాలని మేనేజరు గారంటే, నా పాత పుస్తకాలన్నీ ముందేసుకుని ఆర్నెల్లు ఒక్కో గీతా చూసి ఎక్కించాడు. ప్రోగ్రాము జావా అనే భాషలో రాశాడు. నాకు అర్థమయ్యేలా చెప్పరా అంటే ఓపిగ్గా చెప్పాడు.

“ఒక్కో లాటు కంప్యూటరు లోపల ఒక వస్తువక్కా. రైతు పేరు, టిక్కీలు, చాంబరు, అంతస్తు, గడి అన్నీ దాని ఒంట్లోనే ఉంటాయి. కానీ ప్రోగ్రాము మూసేస్తే ఆ వస్తువు మాయమైపోతుంది. అందుకని మూసేముందు దాన్ని ఉన్నదున్నట్టు ఎండబెట్టి ఫైల్లో దాచాలి. తెల్లారి తెరిస్తే మళ్లీ అదే వస్తువై లేవాలి. దాన్ని సీరియలైజేషన్ అంటారు.”

“వడియాలన్నమాట. ఎండబెట్టి డబ్బాలో పోస్తే, కావలసినప్పుడు నూనెలో పొంగుతాయి.”

“వడియాలే” అని ఈసారి నిండుగా నవ్వాడు. “కాకపోతే ఏ క్లాసు, అంటే ఏ రకం వస్తువుల్ని ఎండబెట్టొచ్చో ఆ క్లాసు పేరు పక్కనే ముందుగా రాసి ఉంచాలి. సీరియలైజబుల్ అని. ఆ మాట ఉంటేనే దాస్తుంది.”

అది నడవడం మొదలెట్టాక మేనేజరు గారు “ఇంక చోటు పుస్తకం ఎందుకమ్మా, మానెయ్” అన్నారు. ఇషాక్ చాటుగా నా దగ్గరికొచ్చి “ఎందుకైనా మంచిది, మీరు రాస్తూనే ఉండండక్కా” అని బతిమాలాడు. నాకు ఒళ్లు మండింది. పందొమ్మిదేళ్లు నా చేతిరాత మీద నడిచిన గోడౌను! “మానమన్నారు, మానేశాను. నీ వడియాలు నువ్వే చూసుకో” అని పుస్తకం బీరువాలో పడేసి తాళం వేశాను. పౌరుషం అంటే అదీ. దాని ఫలం తర్వాత తెలిసింది.

ఈ ఏడు మిర్చితోపాటు చింతపండు కూడా తీసుకుందామని యజమాని అన్నారు. అక్కడ మొదలైంది. మిర్చి లాటుకీ చింతపండు లాటుకీ విడివిడిగా చాంబరు, అంతస్తు, గడి రాయడం దేనికని ఇషాక్ ‘సరుకు’ అని ఒక తల్లి క్లాసు తయారుచేశాడు. ఆ మూడు అంకెలూ తల్లిలోకి మార్చాడు. ‘మిర్చి’, ‘చింతపండు’ దాని పిల్లలు. తల్లిలో ఉన్నది పిల్లలకు దానంతటదే వస్తుంది. జావాలో అది మంచి పద్ధతేనట.

గురువారం సాయంత్రం పాత లాట్లన్నిటినీ ఆ కొత్త పద్ధతిలోకి మార్చాడు. ఏప్రిల్ నెల, లోపల పదకొండు వందల నలభై లాట్లు, అరవై ఒక్క వేల టిక్కీలు. తెర మీద ఒక్కోటీ చూశాడు. నన్ను పిలిచి చూపించాడు. అన్ని అంకెలూ ఉన్నాయి. మళ్లీ చూశాడు. మళ్లీ చూశాడు. దాచాడు. అతని దగ్గర పెన్‌డ్రైవులు మూడుంటాయి. ఒకటి జేబులో, ఒకటి మేనేజరు గారి బీరువాలో, ఒకటి ఇంట్లో బైబిల్లో. మామూలుగా రోజుకొకదానిలో ఎక్కిస్తాడు. ఆ రోజు పెద్ద మార్పు చేశాడు కదా, భయపడి ఇంటికెళ్లి ఆ మూడోది కూడా తెచ్చి, మూడింటిలోనూ పాత ఫైలు మీదే కొత్త ఫైలు ఎక్కించాడు. అన్నీ చూసుకున్నాడు మహానుభావుడు. దాచినదాన్ని ఒక్కసారి మూసి, తెరిచి చూడడం మాత్రం చెయ్యలేదు.

శుక్రవారం పొద్దున ఏడున్నరకు నేను చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి “అక్కా” అని వినిపించింది. ఆ గొంతు అతనిదేనా అనిపించింది. వెళ్లాను. కుర్చీలో కూర్చోలేదు, బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

తెర మీద రైతుల పేర్లున్నాయి. ఊళ్లున్నాయి. టిక్కీల లెక్క ఉంది. చాంబరు సున్నా. అంతస్తు సున్నా. గడి సున్నా. కిందికి జరిపాడు. సున్నా, సున్నా, సున్నా. ఇంకా కిందికి జరుపుతూనే ఉన్నాడు, ఎక్కడో ఒక్కచోట అంకె కనబడుతుందని కాబోలు. పదకొండు వందల నలభై లాట్లూ సున్నా చాంబర్లోనే ఉన్నాయి.

“ఇదేందిరా? మనకి సున్నా చాంబరు లేదుగా?”

తను రాసిందంతా తెరిచి పై నుంచి చదవడం మొదలెట్టాడు. పది నిమిషాలు పట్టలేదు, వేలు ఒకచోట ఆగింది. సీరియలైజబుల్ అన్న మాట పిల్లల పేర్ల పక్కన ఉంది. తల్లి పేరు పక్కన లేదు. పిల్లల సొంత సంగతులు ఫైల్లోకి వెళ్లాయి. తల్లి దగ్గర్నుంచి వచ్చిన మూడు అంకెలూ వెళ్లలేదు. పొద్దున తెరిచేసరికి తల్లి భాగం అప్పుడే పుట్టినట్టు కొత్తగా పుట్టింది, ఒంటి నిండా సున్నాలతో.

“మరి ఆ దరిద్రం తప్పు చూపించదా? బీప్ అనో, కుయ్ అనో?”

“అనదక్కా. దాని దృష్టిలో అది తప్పు కాదు. తల్లిని దాచమని నేను చెప్పలేదుగా.”

ఆ ఒక్క మాటా చేర్చాడు. ఇక ముందు పోవట. పోయినవి రావట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది. జేబులోని పెన్‌డ్రైవు పెట్టాడు, సున్నాలు. బీరువాలోది పెట్టాడు, సున్నాలు. మూడోది రాత్రి మళ్లీ ఇంట్లో బైబిల్లో పెట్టి వచ్చాడు. బండేసుకుని పోయి అరగంటలో తెచ్చాడు. అందులోనూ సున్నాలేనని తనకూ తెలుసు. అయినా పోయాడు. కిటికీలోంచి అతని బండి వస్తుంటే నేను కూడా ప్రార్థన చేసుకున్నాను, ఏం లాభం? చెరిగిన ఫైళ్లు తిరిగి తెస్తుందన్న సాఫ్ట్‌వేరు ఏదో నెట్లో దొరికితే అదీ నడిపాడు. అదీ ఏమీ తేలేదు.

అప్పుడు నా వైపు తిరిగాడు. మొహం సున్నం వేసినట్టుంది. “అక్కా, చోటు పుస్తకం. మీరు మానేసి ఉండరు. మీరు ఎవరి మాటా వినరు కదా. రాస్తూనే ఉన్నారు కదూ?”

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఎవరి మాటా విననిదాన్ని, మేనేజరు గారి ఆ ఒక్క మాట మాత్రం విన్నాను. “మానేశాన్రా” అన్నాను. అతను తల ఊపి, సరేనన్నట్టు కుర్చీలో కూర్చున్నాడు.

పది గంటలకు పర్చూరు వైపు నుంచి జయకుమారి అనే రైతు తన ముప్పై ఆరు టిక్కీలు తీసుకెళ్లడానికి లారీ తెస్తానని ముందురోజే ఫోన్ చేసింది. లాటు నంబరు ఏడొందల నలభై రెండు. ఆమె ఒక్కతే అయితే ఏదో ఒకటి చెప్పి పంపొచ్చు. వెనక ఇంకా పదకొండు వందల మంది ఉన్నారు. మేనేజరుకు తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం కంటే ముందు ‘జక్రయ్య కొడుకు కూడా అంతే’ అన్న మాట వస్తుంది. ఇషాక్ దేనికి భయపడుతున్నాడో నాకు తెలియనిది కాదు.

అందుకే ఆ సలహా ఇచ్చాను. చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది, అప్పుడు వెయ్యలేదు. “చోటు దగ్గర ఏదో ఒక అంకె వేసి స్లిప్పు ఇచ్చెయ్. దొరక్కపోతే ముఠా వాళ్లు తప్పు చోట పెట్టారనుకుంటారు. నాలుగు రోజులు గడుస్తాయి. ఈలోపు ఏదో దారి దొరక్కపోదు.”

అతను నన్ను చాలాసేపు చూశాడు. పదింటికి లారీ హారన్ వినబడింది. జయకుమారి బాండు తెచ్చి కిటికీలోంచి పెట్టింది. ఇషాక్ మూడు, రెండు, తొమ్మిది అని కొట్టాడు. స్లిప్పు బయటికొచ్చింది. దాన్ని చింపి ఇచ్చేటప్పుడు చెయ్యి కిటికీ ఊచకు తగిలింది.

ముఠా మేస్త్రి నజీర్ స్లిప్పు చూసి, సాల్మన్‌నీ ఇంకో నలుగురినీ స్వెట్టర్లు వేయించి మూడో చాంబరు లోపలికి పంపాడు. ఇరవై నిమిషాలయింది. అరగంటయింది. ఇషాక్ నీళ్ల సీసా మూత తీస్తాడు, తాగడు, పెడతాడు. నేను పెన్ను రీఫిల్లు విప్పి మళ్లీ బిగించాను. నలభై నిమిషాలకు సాల్మన్ బయటికొచ్చి మఫ్లరు విప్పుతూ “అక్కడ లేదు మేస్త్రీ” అన్నాడు. “ఈమె కాయలు ఎత్తింది నేనే. మూడో చాంబర్లో ఎందుకుంటది? నేను పెట్టింది ఒకటో దాంట్లో.”

జయకుమారి గొంతు లేచింది. “నా కాయలేవయ్యా? బాండు నా చేతిలో ఉంది, కాయలు మీ పొట్టలో ఉన్నాయి. ఎక్కడికి పోతయ్?”

ఆ గోలకు మేనేజరు గారు గదిలోంచి వచ్చారు. బయట ఇంకో పది పన్నెండు మంది రైతులు చేరారు. ఆయన స్లిప్పు తీసుకుని చూశారు. సాల్మన్‌ని చూశారు. “మూడో చాంబరని ఇక్కడ స్పష్టంగా ఉంది. ఎక్కడ పెట్టావురా?”

“ఒకటో దాంట్లో అయ్యా. నా భుజాన మోశా, నాకు తెలవదా?”

“అంటే కంప్యూటరు అబద్ధం చెబుతుందా? జక్రయ్య కూడా ఇలాగే అన్నాడు. నా భుజాన మోశా అని.”

నాకు ఆ మాట కొత్త కాదు. పన్నెండేళ్ల కిందట, ఇదే అరుగు మీద, ఇదే మనిషి, “పుస్తకం అబద్ధం చెబుతుందా?” అన్నారు. ఆ రోజు పుస్తకం అబద్ధమే చెప్పింది.

ఇంక దాచి లాభం లేదు. మూడొందల పద్దెనిమిదో లాటు, నలభై రెండు టిక్కీలు, సింగరాయకొండ రైతువి. జక్రయ్య పెట్టింది రెండో చాంబరు మూడో అంతస్తులో. మేస్త్రి సరిగ్గానే అరిచాడు. ఆ పూట నాకు పంటి నొప్పి, చెంప పట్టుకుని కూర్చుని మూడుకు బదులు రెండు రాశాను. రెండో అంతస్తులో లేదు. మూడులో పెట్టానమ్మా, ముందు టిక్కీలు తీసి చూడండని అతను మొత్తుకున్నాడు. తియ్యలేదు. పంపించేశారు. సీజను చివర చాంబరు ఖాళీ చేస్తే లాటు మూడో అంతస్తులోనే దొరికింది. మేనేజరుకు దొరికిందని మాత్రం చెప్పాను. ఎక్కడని ఆయన అడగలేదు, “అయిందేదో అయింది, రైతుకి ఇచ్చెయ్” అన్నారు. నేను ఆ సాయంత్రం రెండుని మూడుగా దిద్దాను. జక్రయ్య ఇంటికి ఎవరూ కబురు పెట్టలేదు. నేనూ పెట్టలేదు. మా చర్చిలో అతను వెనక వరసలో కూర్చుంటాడు. ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రతి ఆదివారం నేను ముందు వరసలో కూర్చుంటాను, వెనక్కి చూడాల్సిన పని లేకుండా.

మేనేజరు సాల్మన్‌ని ఇంకా నిలదీస్తున్నారు. “రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు” అన్న మాట సగం వచ్చింది. నా పక్కన కుర్చీ కదిలింది.

ఇషాక్ బయటికి నడిచాడు. తాళం రెండుసార్లు లాగి చూసే మనిషి, గది తలుపు కూడా వెయ్యలేదు. అంతమంది మధ్యలో నిలబడి చెప్పేశాడు.

“సార్, సాల్మన్ అన్నది నిజం. స్లిప్పు మీది అంకె నేను ఊహించి వేసింది. నా ప్రోగ్రాములో తప్పు జరిగి చోట్లన్నీ చెరిగిపోయాయి. అది దాచాలని చూశాను. ఇంకో గంట దాచి ఉంటే ఇతని పని పోయేది.”

“ఎన్ని లాట్లవి చెరిగాయి?” అన్నారు మేనేజరు గారు, ఇంకా అర్థంకాక.

“అన్నీ సార్.”

తర్వాత చెప్పేదేముంది, రైతులు అందరూ ఒక్కసారి మీద పడ్డారు. ఒకాయన ఇషాక్ చొక్కా పట్టుకున్నాడు. మేనేజరు గారి నోటి వెంట నేనెన్నడూ వినని మాటలొచ్చాయి. ఇషాక్ కదల్లేదు.

నజీరే ఆ చొక్కా విడిపించాడు. “ఆగండయ్యా. టిక్కీలు గాల్లో కలిసినయ్యా ఏంది? చెరిగింది కంప్యూటర్లో. లోపల పెట్టింది మేము.” తర్వాత ఇషాక్ వైపు తిరిగాడు. “మా మీద రుద్ది ఉంటే, నీ మొకం చూసేవాళ్లం కాదబ్బాయ్. గేటు కాడ కూర్చునేవాళ్లం. చెప్పావు గదా. రాసుకో.”

జయకుమారికి ఇవేవీ పట్టలేదు. “ఒకటో చాంబరని ఆ అబ్బాయి చెప్తున్నాడుగా, చూడరేంది? లారీ వాడు నా ప్రాణం తోడేస్తున్నాడు!” సాల్మన్ లోపలికి పోయాడు. ఒకటో చాంబరు, నాలుగో అంతస్తు, ఆరో గడి. ముప్పై ఆరు టిక్కీలూ గంటలో లారీ ఎక్కాయి.

నేను బీరువా తాళం తీసి చోటు పుస్తకం బయటికి తెచ్చాను. ఎవరూ అడగలేదు. నజీర్ ఒక్కో హమాలీని చాంబరు తలుపు ముందు నిలబెట్టి, నువ్వెత్తినవేవో చెప్పమన్నాడు. వాళ్లకు రైతు పేరు గుర్తుండదు, నంబరు గుర్తుండదు. “ఆ ఎర్రగోతాలు, మూతికి పచ్చ పురికొస”, “వాన తుంపర పడ్డ రోజు దించినయ్”, “మెట్ల మీద నేను జారిన లాటు” అని గుర్తుంటుంది. ఇషాక్ ఆ రోజు తేదీ, టిక్కీల లెక్క చూసి ఏ లాటో తేలుస్తాడు, ఒకడు లోపలికెళ్లి ముందు నంబరు సరిచూస్తాడు, నేను రాస్తాను, అతను కంప్యూటర్లో ఎక్కిస్తాడు. రాసినప్పుడల్లా ప్రోగ్రాము మూసి, తెరిచి, అంకె ఉందో లేదో చూసేవాడు. ప్రతి లాటుకీ. విసుగొచ్చినా ఏమీ అనలేదు నేను. తొమ్మిది రోజులు పట్టింది. ఇరవై ఎనిమిది లాట్లు ఇంకా తేలలేదు, చాంబర్లు ఖాళీ అయ్యాక గానీ తేలవు. మేనేజరు గారు ఇషాక్‌తో “సీజను అయిపోనీ, నీ సంగతి చూస్తాను” అన్నారు. అది అలాగే అతని నెత్తిన వేలాడుతోంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, క్యారేజీలు విప్పుకున్నాక అతను నెమ్మదిగా అన్నాడు. “మీ పాత పుస్తకాలు ఎక్కించింది నేనేగా అక్కా. మూడొందల పద్దెనిమిది. ఆ పేజీ అంతా నీలం సిరా. మూడు ఒక్కటే నల్లగా ఉంది. కింద రెండు కనిపిస్తూనే ఉంది.”

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మూడేళ్లుగా నేను అతని వెనక సూటిపోటి మాటలంటూనే ఉన్నాను. అతనికి తెలుసు. తెలిసి “అక్కా” అంటూనే ఉన్నాడు.

“ఎందుకు అడగలేదురా నన్ను?”

“భయమేసింది. నాన్నకి చెబితే ఇక్కడికొచ్చి గొడవ చేస్తాడని, ఉద్యోగం పోతుందని భయం. అమ్మకి చెబితే నాన్నకి చెబుతుందని భయం. పోయిన డిసెంబర్లో అమ్మ మంచాన పడినప్పుడు కూడా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అమ్మ పోయింది.” డబ్బా మూత పెట్టాడు, తినకుండానే. “మొన్న మీరు ముఠా మీద తోసెయ్యమన్నప్పుడు, తోశాను కూడా అక్కా. మీరు ఒక్కళ్లే కాదు.”

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నేను ఏడ్చే మనిషిని కాను.

ఆదివారం ఆ పాత పుస్తకం గుడ్డసంచిలో పెట్టుకుని చర్చికి వెళ్లాను. ఆరాధన అయిపోయి అందరూ లేస్తుంటే, జనమంతా ఉండగానే వెనక వరస దగ్గరికి నడిచాను. జక్రయ్య మోకాళ్లు పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఇషాక్ నిలబడి ఉన్నాడు.

“జక్రయ్యగారూ” అన్నాను. ఇరవై రెండేళ్లలో ఆయన్ని గారు అనడం అదే మొదలు. గొంతు తగ్గించకుండా మొత్తం చెప్పాను. పంటి నొప్పి, రెండు రాసింది, దొరికింది, దిద్దింది, నోరు మూసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు కదలకుండా విన్నారు.

ఆయన నెమ్మదిగా అడిగాడు. “మూడో అంతస్తే కదమ్మా?”

“మూడో అంతస్తేనండి. పద్నాలుగో గడి.”

“ఆ అంకె ఏదీ, చూపించు.”

ఆయనకు చదువు రాదు. పుస్తకం ఒళ్లో పెట్టి చూపించాను. ఆయన బొటనవేలు దాని మీద పెట్టి, అలాగే ఉంచాడు. కొడుకు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

“ఊరు నమ్మకపోతే నమ్మకపోయిందిలేమ్మా” అన్నాడు చివరికి. “మా ఇంటిది, సువార్తమ్మ కూడా నమ్మలా. పోయేముందు రోజు దగ్గరికి పిలిచి అడిగింది, ‘ఇప్పుడన్నా నిజం చెప్పయ్యా, ఆ కాయలు ఏం చేశావు?’ అని.”